ఆ గదిలో మికామీ ఎందుకు నవ్వాడు?

వేగుచుక్క:
ముగింపు గురించే రాస్తున్నాను కాబట్టి ‘అండర్ ది ఓపెన్ స్కై’ చూడనివాళ్ళు చూశాక చదవండి. మివా నిషికావా తీసిన 2020 నాటి జపాన్ సినిమా ఇది. ఒకప్పటి యకుజా, అంటే జపాన్ నేరముఠా మనిషి, మికామీగా కోజీ యకుషో నటించాడు. హత్య కేసులో 13 ఏళ్ళు శిక్ష అనుభవించి, అసాహికవా జైలు నుంచి మంచులోకి అడుగుపెడతాడు. ఆ తర్వాత టోక్యోలో ఒక చిన్న గది, వదలని రక్తపోటు, గడువు తీరిపోయిన డ్రైవింగ్ లైసెన్సు. ఎన్నో తిప్పలు పడ్డాక వృద్ధాశ్రమంలో పని దొరుకుతుంది.

అక్కడ ఒక అమాయకపు కుర్రాణ్ణి తోటి ఉద్యోగులు కొట్టడం మికామీ కళ్ళారా చూస్తాడు. ఎలాగో తనను తాను ఆపుకుంటాడు. తర్వాత లోపల ఒకడు ఆ కుర్రాణ్ణి వెక్కిరిస్తూ అనుకరించి, అచ్చం అలాగే లేదూ అంటే, మికామీ కూడా నవ్వి తలూపుతాడు. పెదాల మీద నవ్వుంది, ముఖంలో లేదు.

నా దృష్టిలో అది ఓటమే. అన్యాయం చూస్తే ఆగలేకపోవడమే అతని జబ్బు, అతనిలోని మంచితనమూ అదే. నలుగురితో పాటు నారాయణా అన్న రోజున ‘మారాడు’ అని మెచ్చుకోమంటే, నాకు మింగుడు పడదు.

రెండో ఆట:
వేగుచుక్క గారూ, నేను ఒప్పుకోను. అంతకుముందు వీధిలో రౌడీల బారి నుంచి ఒకాయన్ను విడిపించాడు కదా, ఆ ఘట్టం మరిచిపోయారు. ఆయన్ను విడిపించడంతో ఆగలేదు, ఒళ్ళు మరిచి కొడుతూనే ఉన్నాడు. న్యాయం కోసం అన్ని దెబ్బలు అక్కర్లేదు. అది పాత వ్యసనం. వృద్ధాశ్రమంలోనూ చేయెత్తి ఉంటే ఆ కుర్రాడికి ఒరిగేదేమిటి? తనను మనిషిగా చూసే ఒక్కడూ జైలుకు పోయేవాడు.

కొబ్బరాకు:
2011 అక్టోబరు నాటికి జపాన్‌లోని 47 ప్రిఫెక్చర్లలోనూ (మన రాష్ట్రాల్లాంటివి) యకుజాలను దూరం పెట్టే స్థానిక నిబంధనలు అమల్లోకి వచ్చాయి. ముఠా వదిలేసినా ఐదేళ్ళ దాకా ముఠా మనిషిగానే లెక్క. బ్యాంకు ఖాతా తెరవడం, ఇల్లు అద్దెకు తీసుకోవడం, సొంత పేరున ఫోను, అన్నీ గగనమే. ఖాతా లేనివాడి జీతం ఎక్కడ పడుతుంది? మికామీ ముఠాకు దూరమై చాలా ఏళ్ళయి ఉండవచ్చు, అయినా ఈ పని పోతే ఇంకొకటి ఎవరిస్తారు? ఉద్యోగం వచ్చిన సంబరంలో అతని మంచి కోరేవాళ్ళే చెప్పారు, చూసీ చూడనట్టు పొమ్మని.

వేగుచుక్క:
వీధి పోట్లాట మీద రెండో ఆట గారి మాట నిజం, అక్కడ నా వాదన వదులుకుంటున్నాను. కానీ కొట్టడం, నవ్వడం, ఈ రెండే దారులా? ‘అలా చేయకండి’ అనే ఒక్క మాట ఉంది. ముఠాలో కొట్టడం నేర్పారు, బయట తల తిప్పుకోవడం నేర్పారు, ఆ మాట మాత్రం ఎవరూ నేర్పలేదు.

తుపాను వచ్చేలోగా ఆ కుర్రాడు కాస్మోస్ పూలు కోసి మికామీ చేతిలో పెడతాడు. గదిలో మికామీ తన మీద నవ్విన సంగతి అతనికి తెలియదు. ఆ రోజు తన గదిలో ఊపిరి ఆగేటప్పటికి మికామీ చేతిలో ఉన్నవి ఆ పూలే.