సంధి లేనిచోట పల్లాడియం

అడయార్: సుజుకి కప్లింగ్ మీద, అంటే పల్లాడియం లోహం ఉత్ప్రేరకంగా రెండు కార్బన్లను కలిపే చర్య మీద, పిల్లలకు తెలుగులో రాస్తున్నా. పల్లాడియాన్ని యడాగమంతో పోలుద్దామంటే చిన్నయ సూరి బాలవ్యాకరణ సూత్రం సగమే గుర్తొస్తోంది. "సంధి లేనిచోట స్వరంబుకంటెం బరంబయిన..." తర్వాత "స్వరంబునకు"నా, "స్వరంబుతో"నా?

పెరంబూరు: "స్వరంబునకు యడాగమంబగు". ఆ "కు" మీదే అంతా ఉందండీ. మా + అమ్మలో యకారం "అమ్మ"కు వస్తుంది, "మా"కు కాదు.

అడయార్: అయితే మరీ బాగుంది! పల్లాడియం కూడా ముందు ఒక పక్షాన్నే పట్టుకుంటుంది. బ్రోమైడ్‌లో కార్బన్‌కీ బ్రోమిన్‌కీ మధ్య దూరుతుంది. రెండో పక్షమైన బోరానిక్ ఆమ్లం తన కార్బన్‌ను అప్పగించేది ఆ తర్వాతే.

మైలాపూర్: పోలిక నిలవదు. "మాయమ్మ"లో యకారం ఉండిపోతుంది. పల్లాడియం రెండు కార్బన్లనూ కలిపి, మళ్ళీ తన మొదటి సున్నా ఆక్సీకరణ స్థితికి వెళ్ళిపోతుంది. పైగా సూత్రం మొదలే "సంధి లేనిచోట". ఇక్కడ జరిగేదే సంధి కదా! నన్నడిగితే అది సంస్కృత వ్యాకరణంలోని క్విప్ ప్రత్యయం. ఒక్క అక్షరమూ మిగలదు, చేసిన పని మిగులుతుంది.

అంబత్తూరు: మిగలదని ఎలా అంటారండీ? మందుల ల్యాబ్‌లో మాకు సగం టెన్షన్ దానితోనే. నోటితో తీసుకునే మందులో రోజుకు 100 మైక్రోగ్రాములు మించి పల్లాడియం ఒంట్లోకి పోకూడదని పరిమితి. దాన్ని తీయడానికి ఎన్ని వడపోతలో!

మైలాపూర్: అది గిన్నెలో మిగిలింది, అణువులో కాదు. పదంలో భాగం కాదు.

టీ నగర్: ఈ చర్యను "క్రాస్ కప్లింగ్" అంటారు కదా, ఆ "క్రాస్" సంగతి ఎవరూ ఎత్తలేదే? ఒకే రకంవి రెండు కలిస్తే సవర్ణం, వేరువేరువి కలిస్తే అసవర్ణం. "అసవర్ణ సంధానం" అనండి. 2010 నోబెల్ హెక్, నెగిషి, సుజుకిలకు వచ్చింది ఈ అసవర్ణానికే.

పెరంబూరు: మాట బాగుంది. కానీ సంధి అనగానే నాకు తిక్కన ఉద్యోగపర్వమే. రెండు పక్షాల మధ్యా అంతటి కృష్ణుడు నడిచినా సంధి పొసగలేదు. మధ్యవర్తి గొప్పవాడైతే చాలదు, కలవాల్సినవాళ్ళు కదలాలి. ఆ రాయబార ఘట్టం ఎన్నిసార్లు చదివినా గొంతు పట్టేస్తుంది.

అంబత్తూరు: నిజమండీ. క్షారం వెయ్యకపోతే బోరానిక్ ఆమ్లం కూడా అంతే, కదలదు.

అడయార్: నా "కు" తేలలేదు. రెండో కార్బన్ కూడా చేరాక, విడిపోయేముందు, పల్లాడియం ఇద్దరినీ పట్టుకునే ఉంటుంది. అప్పుడది ఎవరికి ఆగమం?

పెరంబూరు: పరానికే, అంటే తర్వాత వచ్చేదానికే. సూరిగారు మన చెన్నై ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు చెప్పినవారు, "కు" ఊరికే వెయ్యరు.

మైలాపూర్: ఆగమమే కాదంటున్నాను కదండీ!