కోనసీమ దారులకు హైబ్రిడ్ కారు సరిపోతుందా?

మాది అమలాపురం దగ్గర పల్లె. నాన్నగారి వైద్యానికి వారానికి రెండుసార్లు రాజమహేంద్రవరం వెళ్లిరావాలి. మిగతా రోజుల్లో కాలువ గట్టు మీద రెండు మూడు కిలోమీటర్లే తిరుగుతాం. ప్లగ్ పెట్టే పని లేదని, ఇంజను, బ్రేకుల నుంచే బ్యాటరీ నిండుతుందని పెట్రోలు ఇంజనుతో పాటు బ్యాటరీతో నడిచే మోటారు కూడా ఉండే హైబ్రిడ్ వైపు మనసు లాగుతోంది. కరెంటు పోయినా ప్రయాణం ఆగదు కదా!

నా భయం గోదావరి వరద. నేను చూసిన కారులో పెద్ద బ్యాటరీ వెనుక సీటు కింద ఉంది, దానికి గాలి వెళ్లే జాలీ కూడా అక్కడే. శ్రావణంలో లంకల దారి మీద మోకాలి లోతు నీరు నిలిస్తే ఏమవుతుంది? కొబ్బరి పీచు దుమ్ముకు ఆ జాలీ మూసుకుపోదా? పన్నెండు వోల్టుల చిన్న బ్యాటరీ దిగిపోతే కారు మొరాయిస్తుందట, నిజమేనా?

ఇంకొక మాట. ఇప్పుడు మాకున్న కారులో ఏసీ మీటలన్నీ టచ్ తెర మీదే. మొన్న జోరువానలో ఆ తెర బిగుసుకుపోయింది. అద్దం మసకబారి, నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని గట్టు మీద అరగంట ఆగాను. తిప్పే మీటలున్న హైబ్రిడ్ ఏదైనా ఉందా? డెల్టాలో రెండు మూడు వానాకాలాలు నడిపినవారు దయచేసి చెప్పండి. దగ్గరలో బ్యాటరీ పని తెలిసిన మెకానిక్ దొరుకుతున్నారా?