ఒకే ఇంట్లో ఉంటూ విడిపోయే జంట: ఇంటర్వెల్ తర్వాత కథ నిలబడటం లేదు

కొత్తకలం:
అందరికీ నమస్కారం. 110 నిమిషాల రొమాంటిక్ కామెడీ స్క్రిప్టు ఇది. పెళ్లయి నాలుగేళ్లయిన జంట, నిజాంపేటలో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు, ఇద్దరి పేరు మీదా హోమ్ లోను. 22వ పేజీలో విడిపోదామని తేల్చుకుంటారు. ఫ్లాటు అమ్ముడయ్యేదాకా అందులోనే ఉంటారు. ఇంటర్వెల్ దాకా బాగానే నడిచింది. ఆ తర్వాత అన్నీ పంతం సీన్లే, ఒకటి తీసేసినా తేడా తెలియడం లేదు. పైగా చదివినవాళ్లందరూ "ఒకళ్లు పుట్టింటికో హాస్టల్‌కో పోవచ్చుగా" అంటున్నారు. వాళ్లు కదలకుండా ఉండటానికి గట్టి కారణం ఏం పెట్టాలి? పంతాలు ఎక్కడ ఆపాలి?

రెండోడ్రాఫ్ట్:
2006లో పేటన్ రీడ్ తీసిన 'ద బ్రేకప్' మళ్లీ పెట్టుకుని, ఈసారి గొడవల కింద ఎవరికి ఏం కావాలో మాత్రమే రాసుకుంటూ చూడండి. షికాగోలో ఇద్దరూ కలిసి కొన్న కాండో, అంటే సొంత ఫ్లాటు. ఆమె పన్నెండు నిమ్మకాయలు తెమ్మంటే అతను మూడు తెస్తాడు. విందయ్యాక గిన్నెలు కడగడం దగ్గర అదే గొడవ ముదురుతుంది. ఆమె బాధ గిన్నెల గురించి కాదు. తను అడగకుండానే అతనికి సాయం చేయాలనిపించాలని ఆమె కోరిక. విడిపోదామని ఆమె అన్నది కూడా అతను తనను పోగొట్టుకుంటున్నానని గుర్తించాలనే. ఆమె వేరేవాళ్లతో డేట్లకు వెళ్లడం అందుకే. అతనేమో ఆమె ఎన్నాళ్లుగానో వద్దన్న పూల్ టేబుల్ తెచ్చి హాల్లో వేస్తాడు.

మీ పంతం సీన్లన్నిటికీ పక్కన ఒక్క వాక్యం రాయండి: "ఈ పనితో ఇతను నిజానికి అడుగుతున్నది ఏమిటి?" జవాబు రాని సీను ఎంత నవ్వించినా తీసేయండి. జవాబు ఒకటే వచ్చినవి మూడుంటే ఒకటి ఉంచండి. సెకండాఫ్ సాగడానికి తొంభై శాతం కారణం అదే: కోరిక మారదు, వస్తువు మాత్రం మారుతుంది, ఇవాళ టీవీ, రేపు గీజరు.

కోర్టుమెట్లు:
కారణం చట్టంలోనే ఉంది, కల్పించనక్కర్లేదు. హిందూ వివాహ చట్టం 13బి కింద పరస్పర అంగీకారంతో విడాకులు కావాలంటే పిటిషన్‌కు ముందు కనీసం ఏడాది విడిగా ఉండాలి. విడిగా అంటే వేరే ఇల్లే కానక్కర్లేదు. ఒకే కప్పు కింద ఉన్నా భార్యాభర్తలుగా కాపురం చేయకపోతే చాలని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఏడాది పిటిషన్‌కు వెంటనే ముందుదై ఉండాలనీ అంది. అంటే పదో నెలలో ఒక రాత్రి వీళ్లిద్దరూ దగ్గరైతే లెక్క చిక్కులో పడుతుంది. పొద్దున్నే ఇద్దరికీ ఒకేసారి ఆ సంగతి తట్టడం మీ సెకండాఫ్‌కు మంచి మలుపు.

పిటిషన్ వేశాక ఆరు నెలల గడువు ఉంటుంది. దాన్ని కోర్టు మినహాయించవచ్చని 2017లో తీర్పు వచ్చింది కాబట్టి "ఆరు నెలలు ఆగాల్సిందే" అని లాయరు పాత్ర చేత అనిపించకండి.

ఇక లోను. ఒకరు ఈఎంఐ ఆపేస్తే బ్యాంకు బాకీ మొత్తం రెండోవాళ్లనే అడగగలదు. ఒకరి పేరు తీయాలంటే మిగిలినవాళ్ల జీతానికి ఆ లోను సరిపోతుందో బ్యాంకు చూస్తుంది, చాలకపోతే ఒప్పుకోదు. ఒరిజినల్ కాగితాలు బ్యాంకు దగ్గరే ఉంటాయి, ముందు బాకీ తీరితేగాని అవి కొనేవాళ్ల చేతికి రావు. అందుకే బేరం నెలల తరబడి నలుగుతుంది. రిజిస్ట్రేషన్‌కు ఇద్దరి సంతకాలూ కావాలి. ఈఎంఐ కడుతూ ఇంకోచోట అద్దె కట్టే స్తోమత లేదని మొదటి పదిహేను పేజీల్లోనే చూపిస్తే పుట్టింటి ప్రశ్న సగం పోతుంది. మిగతా సగానికి ఎవరి ఆఫీసు ఎక్కడో చెప్పండి.

కత్తెర:
ముందు ఫ్లాటు ప్లాను కాగితం మీద గీయండి. మాస్టర్ బెడ్‌రూమ్ ఆమెకిస్తే అటాచ్డ్ బాత్రూమ్ ఆమెది, కానీ అతని బట్టల బీరువా అక్కడే ఉంది. రోజూ ఎనిమిదింటికి తలుపు తట్టాలి. గ్యాసు ఆమె నంబరు మీద ఉంది, సిలిండర్ తెచ్చినబ్బాయికి చెప్పాల్సిన కోడ్ ఆమె ఫోనుకే వస్తుంది. యుటిలిటీ బాల్కనీలో బట్టల తీగ ఒక్కటే. వాన పడితే ఎవరి బట్టలు ఎవరు తీస్తారు? సీన్లు గోడల్లోంచే పుడతాయి.

ఒక వస్తువును మూడుసార్లు వాడండి. ఆమె అమ్మ పంపిన ఆవకాయ జాడీ అనుకుందాం. మొదటిసారి: రాత్రి దొంగతనంగా తింటాడు, అంచున నూనె మరక దొరుకుతుంది, నవ్వు. రెండోసారి: జాడీ మీద గీత గీసి పెడుతుంది, అతను గీత చెరిపి కింద గీస్తాడు, ఇంకా నవ్వు. మూడోసారి: తడి చెంచా పెట్టాడు, పైన తెల్లగా బూజు. అమ్మ ఈ ఏడాది పెట్టిన జాడీ అది, మళ్లీ వేసవి దాకా లేదు. ఆమె తిట్టదు. బూజు పట్టిన పైభాగం తీసి పారేసి, మూత పెట్టి, లోపలికి వెళ్లిపోతుంది. పంతాలు ఆగాల్సింది సరిగ్గా అక్కడ. మీ లెక్కలో 75వ పేజీ దాటకూడదు. అటుపైన ఇంకో ఆట పెడితే ప్రేక్షకుడు అతణ్ని క్షమించడు.

రెండోడ్రాఫ్ట్ గారు సీను తీసేయమన్నారు. నేనైతే ముందు క్రమం మార్చి చూస్తాను. తేలిక పంతం తర్వాత బరువైనది వస్తే నిలుస్తుంది, తిరగబడితే రెండూ పోతాయి.

కొత్తకలం:
బీరువా, ఆవకాయ రెండూ తీసుకుంటున్నాను, చాలా థ్యాంక్సండీ. చివర్లో కలపాలా వద్దా?

రెండోడ్రాఫ్ట్:
'ద బ్రేకప్'లో కలపలేదు. అతను చివరికి ఇల్లు సర్ది, వంట చేసి ఎదురుచూస్తాడు, ఆమె దగ్గర అప్పటికి ఇవ్వడానికేమీ మిగల్లేదు. తర్వాతెప్పుడో వీధిలో ఎదురుపడి పలకరించుకుంటారు. కలపాలనుకుంటే మాత్రం 75వ పేజీ తర్వాత ఆమె అడగకుండానే అతను చేసిన పని ఒక్కటైనా ఉండాలి, అదీ ఆమె చూడనప్పుడు. వాన సీను ఉందిగా, ఆమె బట్టలు అతను తీసి, మడతపెట్టి, బీరువా గది తలుపు బయట పెట్టనివ్వండి.