బీపీటీ 5204లో ఎండాకు తెగులు: ఇంప్రూవ్డ్ సాంబ వేస్తే ఆగుతుందా?

కాలువ చివర:
నమస్కారం అండి. వానాకాలం బీపీటీ 5204 (సాంబ మసూరి) వరిలో తుఫాను గాలి కొట్టాక ఆకులు కొన నుంచి ఎండుతున్నాయి. కొట్టులో ఇచ్చిన బూజు మందు రెండుసార్లు కొట్టినా ఆగలేదు. వచ్చే ఏడు ఇంప్రూవ్డ్ సాంబ మసూరి వేయమంటున్నారు. అది జన్యుమార్పిడి వంగడమా? విత్తనం ఏటా కొనాలా?

పైరు నాడి:
ముందు తెగులు అదేనా అన్నది తేల్చుకోండి. ఆకులో పసుపు, పచ్చ కలిసే చోట వేలెడు ముక్క కోసి, గాజు గ్లాసులో తేటనీళ్లలో నిలబెట్టండి. కోసిన అంచు నుంచి ఐదు పది నిమిషాల్లో పాలలాంటి సన్నని ధార దిగితే బాక్టీరియా ఎండాకు తెగులే. పొద్దున్నే ఆకు అంచున పసుపు జిగురు బొట్లు కూడా కనిపిస్తాయి.

బూజు మందు బాక్టీరియాను చంపదు, ఆ డబ్బు వృథా. యూరియా ఆపండి. మడిలో నీళ్లు తీసి ఆరబెట్టండి, ఆ నీరు పక్క మడిలోకి పోనివ్వకండి. ఆకు తడిగా ఉండగా చేలో తిరగవద్దు.

విత్తనాల గంప:
జన్యుమార్పిడి కాదండి, సంకరం చేసి తీసిన రకమే. హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం), వరి పరిశోధన సంస్థ కలిసి తెచ్చాయి, 2008లో విడుదలైంది. ఇందులో ఎక్స్ఏ21, ఎక్స్ఏ13, ఎక్స్ఏ5 అనే మూడు నిరోధక జన్యువులున్నాయి. ఎక్స్ఏ21 ఒక అడవి వరి నుంచి వచ్చింది. ఎక్స్ఏ13 పనితీరు చూడముచ్చటైనది: బాక్టీరియా మామూలు వరిలో చక్కెర బయటికి వదిలే జన్యువును తెరిపించి, ఆ తీపి తిని పెరుగుతుంది. ఎక్స్ఏ13 ఉన్న మొక్కలో ఆ తాళానికి దాని తాళంచెవి పట్టదు.

ఎక్స్ఏ13, ఎక్స్ఏ5 అంతర్గత జన్యువులు, అంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులూ వస్తేనే పనిచేస్తాయి. ఒకే ప్రతి ఉన్న మొక్కను కంటితో పట్టుకోలేం. అందుకే ప్రతి తరంలో డీఎన్ఏ మార్కర్లతో (జన్యువు ఉందో లేదో చూపే గుర్తులతో) పరీక్షించి, మళ్లీ మళ్లీ సాంబతోనే సంకరం చేశారు. గింజ సన్నదనం, వండిన అన్నం తీరు అందుకే పోలేదు.

సంకరం చేసి తీసినా ఇది స్థిరపడిన రకం, కొట్లో అమ్మే హైబ్రిడ్ కాదు కాబట్టి విత్తనం దాచుకోవచ్చు. కానీ పాత సాంబతో కలిస్తే కంటికి తేడా తెలియదు. నూర్పిడి కళ్లం, సంచులు వేరుగా పెట్టండి, పూతకు ముందే కేళీలు (వేరే రకం మొక్కలు) ఏరేయండి. అగ్గితెగులుకు, దోమపోటుకు ఈ జన్యువులు అడ్డుకావు. వాటిమీద కన్ను ఉండాల్సిందే. 2025 మేలో ప్రకటించిన ‘కమల’ అనే వరి వేరే రకం, అది సాంబలో జన్యు సవరణతో గింజల సంఖ్య పెంచిన రకం.

కాలువ చివర:
ఎకరాకు యూరియా ఎంత? మా దగ్గర నాటేటప్పుడు నారు కొనలు తుంచుతారు, పర్వాలేదా?

పైరు నాడి:
ఎకరాకు 40 కిలోల నత్రజని లెక్కన చెబుతాను. మీ మండలం సిఫారసును బట్టి మార్చుకోండి. ఆఖరి దమ్ములో వేసే ఒక బస్తా డీఏపీలోనే 9 కిలోలు వస్తుంది. మిగతా 31 కిలోలకు 45 కిలోల యూరియా బస్తా ఒకటిన్నర చాలు. అర బస్తా నాటేటప్పుడు, అర బస్తా పిలకల దశలో, అర బస్తా అంకురం దశలో (దుబ్బు లోపల వెన్ను పుట్టేటప్పుడు). చాలామంది డీఏపీలోని నత్రజనిని లెక్కలోకి తీసుకోరు, అక్కడే ఎక్కువైపోతుంది. పొటాష్ సగం దమ్ములో, సగం అంకురం దశలో.

కొనలు మాత్రం తుంచనివ్వకండి. తుంచిన గాయంలోంచే బాక్టీరియా లోపలికి పోయి, నాటిన కొద్ది వారాలకే దుబ్బు మొత్తం వాడి చచ్చిపోతుంది. ఎక్స్ఏ21 ముదురు మొక్కలో పనిచేసినంతగా లేత నారులో పనిచేయదు, కాబట్టి ఇంప్రూవ్డ్ సాంబ నారుకైనా ఇదే మాట. నారు ముదిరి పొడవైపోయిందని తుంచుతున్నారంటే, వచ్చేసారి నారుమడి కాలువ నీళ్ల తేదీ చూసుకుని పోయండి.