ఆరడుగుల గోలీ 214వ నంబరుకి జారాడు: స్కౌట్ల గుడ్డితనమా, లెక్క ప్రకారమే జరిగిందా?

సాడిల్‌డోమ్_సుబ్బు:
ఐస్ హాకీ గోలీ (గోల్‌కీపర్) డస్టిన్ వుల్ఫ్‌కి అతని జట్టు క్యాల్గరీ ఫ్లేమ్స్ ఏడేళ్ళకి 52.5 మిలియన్ డాలర్లు రాసిచ్చింది. ఏడాదికి 7.5, 2026-27 నుంచి. 2019లో వాంకూవర్‌లో జరిగిన ఎన్‌హెచ్ఎల్ (ఉత్తర అమెరికా పెద్ద లీగు) డ్రాఫ్టులో, అంటే జట్లు వంతులవారీగా కుర్రాళ్ళని ఎంచుకునే చోట, 217 మందిని తీసుకుంటే వీడి నంబరు 214. తొలి పూర్తి సీజన్ 2024-25లో 53 మ్యాచ్‌లు, 29 గెలుపులు, సేవ్ పర్సెంటేజ్ (వచ్చిన షాట్లలో ఆపినవాటి వంతు) .910. కొత్తవాళ్ళకిచ్చే కాల్డర్ ట్రోఫీ ఓటింగులో లేన్ హట్సన్ తర్వాత వీడే. 2024 డ్రాఫ్టులో నంబర్ వన్ పిక్, అంటే మొట్టమొదట ఎంపికైన సెలెబ్రినీ, వీడి వెనక. డ్రాఫ్టుకి ముందు సీజన్లో జూనియర్ల లీగు డబ్ల్యూహెచ్ఎల్‌లో ఎవరెట్ సిల్వర్‌టిప్స్‌కి ఆడుతూ మ్యాచ్‌కి ఇచ్చుకున్నవి 1.69 గోల్సే, .936 సేవ్ పర్సెంటేజ్. ఇంకేం చూపించాలండీ? 31 టీములు ఏడు రౌండ్లు కూర్చుని చిట్టచివరిదాకా వదిలేశాయి, ఆరడుగులే, గోలీకి పొట్టి అని. ఇది స్కౌట్ల (జట్ల కోసం కుర్రాళ్ళని వెతికేవాళ్ళ) గుడ్డితనం అనడానికి ఎవరికైనా అభ్యంతరమా?

టైంపాస్_పల్లీ:
ఆరడుగులోడు పొట్టోడా! మా వైపు ఆ ఎత్తుంటే పెళ్ళిచూపుల్లో సగం మార్కులు గుమ్మం దగ్గరే పడిపోతాయి.

నిఖార్సు_నాయుడు:
చిట్టచివరి కాదు. 214 తర్వాత ఇంకా ముగ్గురున్నారు. 2005లో ప్యాట్రిక్ హార్న్‌క్విస్ట్ 230వ వాడు, అది అసలైన ఆఖరు నంబరు. మాట సరిగ్గా వాడండి.

లెక్కల_మాస్టారు:
అభ్యంతరం నాకుంది. సుబ్బూ, నువ్వు 2025లో నిలబడి 2019 పేపరు దిద్దుతున్నావు.

పద్దెనిమిదేళ్ళ గోలీ ఎలా తేలతాడో ఎవడికీ తెలీదు. 2000 డ్రాఫ్టు చూడు. మొట్టమొదటి పిక్ రిక్ డిపియెట్రో అనే గోలీ, అదే డ్రాఫ్టులో 205వ పిక్ హెన్రిక్ లుండ్‌క్విస్ట్. మొదటివాడు చతికిలబడ్డాడు, 205వ వాడు దిగ్గజమయ్యాడు, ఇక్కడ అందరికీ తెలుసు. తర్వాత పెద్ద గోలీ అయిన పెక్కా రిన్నే 2004లో 258. కానర్ హెలెబక్ 2012లో 130, ఇప్పుడు మూడు వెజినాలు (ఏడాది ఉత్తమ గోలీ అవార్డు), 2025లో హార్ట్ ట్రోఫీ (లీగుకే ఉత్తమ ఆటగాడు) కూడా. వీళ్ళిద్దరూ పొట్టివాళ్ళు కాదే! ఒకడు ఆరడుగుల అయిదంగుళాలు, ఒకడు ఆరడుగుల నాలుగు. మరి వీళ్ళెందుకు జారారు? ఎత్తు వల్ల కాదు. ఆ వయసులో గోలీ మీద ముందు పిక్ పెట్టడం జూదం కాబట్టి.

ఇక ఆ .936 సంగతి. ఎవరెట్ ఆటే గోల్ ముందు గోడ కట్టే ఆట. షాట్లని పక్కలకి నెట్టేస్తారు, మధ్యలోంచి రానివ్వరు. వుల్ఫ్‌కి ముందు అక్కడే ఆడిన కార్టర్ హార్ట్ 2017-18లో .947 కొట్టాడు. ఆ ఊళ్ళో నంబర్లకి కొంత తరుగు తీయాల్సిందే, స్కౌట్లు తీశారు.

ఆఖరుగా ఒక్క మాట. క్యాల్గరీకి ఆ డ్రాఫ్టులో వుల్ఫ్ కంటే ముందు నాలుగు పిక్కులున్నాయి. నాలుగుసార్లూ వుల్ఫ్‌ని వదిలేసి ఇంకొకర్ని తీసుకున్నారు. "మావాళ్ళు కనిపెట్టారు" అనే పాటలో ఈ చరణం మాత్రం ఎవరూ పాడరు.

సాడిల్‌డోమ్_సుబ్బు:
మాస్టారూ, మీరు తెచ్చిన సాక్ష్యమే మీకు అడ్డం తిరిగింది. కార్టర్ హార్ట్‌ని 2016లో తీసుకున్నారు. డ్రాఫ్టుకి ముందు సీజన్లో అతనిది .918. అదే ఎవరెట్. ఎన్నో నంబరు? 48. వుల్ఫ్ అదే ఊళ్ళో .936తో 214. తరుగు తీస్తే ఇద్దరికీ తీయాలి కదా. హార్ట్ ఆరడుగుల రెండంగుళాలు, తేడా అక్కడుంది.

రిన్నే ఫిన్లాండ్‌లో మెయిన్ గోలీగా ఆడనే లేదు, బెంచి మీదున్నాడు. హెలెబక్ టెక్సాస్‌లో ఒడెస్సా అనే ఊళ్ళో, స్కౌట్లు పెద్దగా తొంగి చూడని లీగులో ఆడాడు. వాళ్ళు కనబడక జారారు. వుల్ఫ్ మేజర్ జూనియర్‌లో, అంటే డబ్ల్యూహెచ్ఎల్ లాంటి పెద్ద జూనియర్ లీగులో, సీజనంతా మెయిన్ గోలీ, అందరి కళ్ళముందే. చూసి వదిలేశారు. అదే డ్రాఫ్టులో 37వ పిక్ మాడ్స్ సోగార్డ్ అనే గోలీ, ఆరడుగుల ఏడంగుళాలు. 2025 దాకా అతని ఆట ఎక్కువగా మైనర్ లీగులోనే గడిచింది.

రింకు_దగ్గర_నాన్న:
మావాడిని మొన్న సెలక్షన్లలో ఎత్తు లేదనే తీసేశారు. కాబట్టి సుబ్బు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం.

లెక్కల_మాస్టారు:
పదేళ్ళ పిల్లల సెలక్షన్ ఎన్‌హెచ్ఎల్ డ్రాఫ్టుకి సాక్ష్యం కాదండీ, ఏమనుకోకండి.

పక్కా_పక్:
ఎత్తు ముచ్చట ఎవరూ సక్కగ చెప్తలేరు. గోల్ వెడల్పు ఆరడుగులు, ఎత్తు నాలుగడుగులు. పక్ (ఆడే రబ్బరు బిళ్ళ) అడ్డం మూడంగుళాలు, మందం ఒక అంగుళం. గోలీ బటర్‌ఫ్లైలకు దిగిండంటే, అంటే మోకాళ్ళు మంచుకు ఆనిచ్చి ప్యాడ్లు రెండు దిక్కుల పరిచిండంటే, కింది భాగం బంద్. మిగిలేది భుజాల పైన, క్రాస్‌బార్ కింద. పాత ఫ్లేమ్స్ గోలీ, ఆరడుగుల ఆరంగుళాల మార్క్‌స్ట్రామ్ మోకాళ్ళ మీదున్నా ఆ సందు సన్నగనే ఉంటది. ఆరడుగులోనికి అక్కడ పక్ పట్టేంత జాగ మిగుల్తది.

దీనికి మందు ఒకటే, ముందుకు రావాలె. క్రీజ్ (గోల్ ముందటి గీసిన జాగ) అంచుదాంక వస్తే షూటర్‌కు గోల్ చిన్నగ కనబడ్తది. కని దాని ఖర్చు దానికుంటది. షూటర్ కొట్టకుండ అవతలి పోస్టుకు పాస్ ఇచ్చిండనుకో, లోపల నిలబడ్డోని కంటే ముందుకొచ్చినోడు ఎక్కువ దూరం జరగాలె. అందుకని పాస్ చేరకముందే ఒక్క తోపుల అక్కడికి పోయి, కాళ్ళ మీద నిలబడి, కదలకుండ సెట్ అయి ఉండాలె. జారుకుంట ఉన్నప్పుడు షాటొస్తే చేతుల కింద సందు తెరుసుకుంటది.

రెండోది తొందరపాటు. షూటర్ కర్ర బ్లేడ్ తిప్పకముందే మోకాళ్ళ మీద పడ్డవా, పై మూలలు రెండు దానం చేసినట్టే. పెద్దోడు ఆ తప్పు చేసినా పక్ భుజానికి తగిలి బతికిపోతడు. చిన్నోనికి ఆ మాఫీ లేదు. వుల్ఫ్ గొప్ప అక్కడనే ఉంది. ఆఖరు క్షణందాంక నిలబడ్తడు, బ్లేడ్ చూస్తడు, అప్పుడు దిగుతడు.

మూడోది పోస్టు దగ్గర. గోల్ లైన్ పక్కనుంచి వచ్చే షాట్లకు పోస్టు దిక్కు ప్యాడ్ మంచు మీద పరిచి, ఆ కాలు పోస్టుకు ఆనిచ్చి, రెండో కాలుతోని నెట్టుకుంట పోస్టుకు అతుక్కుంటరు. రివర్స్ వీహెచ్ అంటరు. దాంట్ల చెవి పక్క, క్రాస్‌బార్ కింద ఒక బొక్క ఉంటది. చిన్న గోలీకి అది ఇంకింత పెద్దది, షూటర్లందరికీ ఎరుకే.

ఇంగొకటి. 2018-19 నుంచి లీగ్ ఛాతీ ప్యాడ్లు ఒంటి కొలతకు తగ్గట్టు తగ్గించింది. అంతకుముందు చిన్న గోలీలు పెద్ద ప్యాడ్‌తోని భుజాలు పెంచుకునేటోళ్ళు. సరిగ్గ ఆ సీజన్ చివర్ల వుల్ఫ్ డ్రాఫ్టుకొచ్చిండు. స్కౌట్లు భయపడ్డరంటే ఉత్తగనే కాదు.

లెక్కల_మాస్టారు:
ఇదిగో. ఎత్తు లోపం నిజమేనని నాకంటే బాగా చెప్పారు. ఆ లోపం ఉన్నవాడికి ధర తగ్గుతుంది. సంతలో జరిగేదే.

సాడిల్‌డోమ్_సుబ్బు:
ధర తగ్గడం వేరు, పారేయడం వేరు. గోలీ జూసే సారోస్ అయిదడుగుల పదకొండు, 2013లోనే 99వ పిక్. హట్సన్ అయిదడుగుల తొమ్మిది, ఇంకా పెరుగుతానని డాక్టర్ కాగితం పట్టుకెళ్ళి టీములకి చూపించినా 2022లో 62కి జారాడు. మొదటి పూర్తి సీజన్లో 60 అసిస్టులు (గోలుకి దారితీసిన పాస్‌లు)! 62 అంటే ధర తగ్గించడం. 214 అంటే చెత్తబుట్ట.

నిఖార్సు_నాయుడు:
హట్సన్ డిఫెన్స్‌మన్. గోలీల చర్చలోకి ఎందుకు తెచ్చారు? పైన "చిట్టచివరి" అన్నదీ ఇంకా సరిదిద్దలేదు.

లెక్కల_మాస్టారు:
చెత్తబుట్ట కాదు సుబ్బూ, ఉచితంగా వచ్చే లాటరీ టికెట్టు. ఏడో రౌండులో తీసుకున్న జూనియర్ కుర్రాడికి ఆ రోజు రూపాయి ఇవ్వక్కర్లేదు. అప్పటి రూలు ప్రకారం రెండేళ్ళు చూడొచ్చు, నచ్చితే కాంట్రాక్టు, లేదంటే హక్కు వదులుకోవచ్చు. జట్టుకి 50 కాంట్రాక్టులే పరిమితి, అందులో ఒకటి వాడాలా వద్దా అన్నది అప్పుడు తేల్చుకుంటారు. ఆ రెండేళ్ళు వుల్ఫ్ బ్రహ్మాండంగా వాడుకున్నాడు. వ్యవస్థ పనిచేసింది. నువ్వు జెర్సీ కొన్నావు కాబట్టి అన్యాయం జరిగిపోయిందంటున్నావు.

సాడిల్‌డోమ్_సుబ్బు:
జెర్సీ గొడవ ఎందుకండీ మాస్టారు గారూ. మీకు ఏ విషయంలోనైనా ఆఫీసులో కూర్చున్నవాడే రైటు. మంచు మీదున్నవాడు ఎప్పుడూ "తన వంతు వచ్చేదాకా ఆగాలి".

సరే, వ్యవస్థ పనిచేసిందన్నారు కదా, 2022-23 తీయండి. వుల్ఫ్ ఎన్‌హెచ్ఎల్‌కి కింది లీగైన ఏహెచ్ఎల్‌లో ఫ్లేమ్స్ వాళ్ళ సొంత జట్టు క్యాల్గరీ ర్యాంగ్లర్స్‌కి ఆడాడు. 42 గెలుపులు, .932. వరసగా రెండో ఏడాది ఉత్తమ గోలీ, పైగా మొత్తం లీగుకే ఉత్తమ ఆటగాడు. అదే బిల్డింగులో పైజట్టుకి మార్క్‌స్ట్రామ్ .892తో తంటాలు పడుతున్నాడు. ఫ్లేమ్స్‌కి 93 పాయింట్లు, పోటీలో ఉన్న విన్నిపెగ్ జట్టుకి 95. రెండు పాయింట్లతో ప్లేఆఫ్స్ (కప్పు కోసం ఆడే చివరి పోటీలు) పోయాయి. వుల్ఫ్‌కి ఎన్ని మ్యాచ్‌లిచ్చారు? ఒకటి. అంతా అయిపోయాక, ఏప్రిల్ 12న శాన్‌హోసే మీద. 24 షాట్లలో 23 ఆపి 3-1తో గెలిపించాడు.

డ్రాఫ్టు రోజు జరిగింది నేను మర్చిపోగలను. నా మంట ఆ నంబరు నాలుగేళ్ళ తర్వాత కూడా వీడి వీపుకి అంటుకునే ఉండటం మీద.

టైంపాస్_పల్లీ:
హమ్మయ్య, ఇప్పటికి అసలు విషయం బయటపడింది. పల్లీలు అయిపోయాయి, తెచ్చుకుంటా.

లెక్కల_మాస్టారు:
అది నంబరు వల్ల కాదు, వేవర్ల వల్ల. మార్క్‌స్ట్రామ్‌కి ఏడాదికి 6 మిలియన్లు. రెండో గోలీ వ్లాదార్‌ని కిందికి పంపాలంటే వేవర్ల మీద పెట్టాలి, అంటే వేరే జట్టు ఊరికే ఎగరేసుకుపోవచ్చు. వుల్ఫ్ తొలి కాంట్రాక్టులో ఉన్న కుర్రాడు, వేవర్ల బెడద లేదు. ఎన్నిసార్లు పైకి కిందికి తిప్పినా పోయేదేం లేదు. ముగ్గురు గోలీల్ని పైన కూర్చోబెడితే మూడోవాడు ప్రాక్టీసులో కూడా సరిగ్గా షాట్లు చూడడు. ఏ జనరల్ మేనేజరైనా అదే చేస్తాడు.

సిద్ధంగా ఉన్నాడంటావా? మరుసటి ఏడాది 2023-24లో 17 మ్యాచ్‌లిస్తే .893. ఏహెచ్ఎల్ షూటర్ వేరు, ఇక్కడి షూటర్ వేరు.

సాడిల్‌డోమ్_సుబ్బు:
ఆ .893 సీజన్లో జదోరోవ్, టానెవ్, హానిఫిన్, ముగ్గురు డిఫెన్స్‌మన్లని అమ్మేశారు. ముందు గోడ తీసేసి వెనక గోలీని తిట్టడం ఏం న్యాయం?

ఇక వేవర్లంటారా, స్పెన్సర్ నైట్ సంగతి చూడండి. 2019 డ్రాఫ్టే, 13వ పిక్, ఫ్లోరిడా. వుల్ఫ్ పుట్టింది 2001 ఏప్రిల్ 16, నైట్ పుట్టింది ఏప్రిల్ 19. మూడే రోజుల తేడా. ఫ్లోరిడా అప్పటికే బాబ్రోవ్‌స్కీకి ఏడాదికి 10 మిలియన్లు ఇస్తోంది. అయినా నైట్‌కి ఇరవయ్యేళ్ళు నిండిన మర్నాడే, 2021 ఏప్రిల్ 20న, గోల్ కాసే చోటు ఇచ్చారు. ఆ వసంతంలోనే ప్లేఆఫ్స్‌లో దించారు. 2022లో ఏడాదికి 4.5 మిలియన్ల లెక్కన మూడేళ్ళ కాంట్రాక్టు. 10 మిలియన్ల గోలీ ఉన్నచోట 13వ పిక్‌కి దారి దొరికింది. 6 మిలియన్ల గోలీ ఉన్నచోట 214వ పిక్‌కి దొరకలేదు. అది వేవర్ల రూలేనా?

పక్కా_పక్:
ఈ పాయింట్ గట్టిగుంది మాస్టారూ.

లెక్కల_మాస్టారు:
గట్టిదే. కానీ సగమే చెప్పారు. ఆ నైట్ 2023-24 సీజనంతా కిందే ఆడాడు. 2025 మార్చిలో ఫ్లోరిడా అతన్ని షికాగోకి ఇచ్చేసి సెత్ జోన్స్‌ని తెచ్చుకుంది. తొందరగా దించడం మేలని ఎలా అంటారు? వుల్ఫ్ కింద రెండేళ్ళు వారం వారం మ్యాచ్‌లు ఆడాడు. పక్ గారు చెప్పిన ఆ ఓపిక, ఆ కాళ్ళ మీద నిలబడటం బెంచి మీద కూర్చుంటే వచ్చేవి కావు. 2024లో మార్క్‌స్ట్రామ్‌ని న్యూజెర్సీకి ఇచ్చేసి దారి ఖాళీ చేసింది ఈ ఆఫీసే.

మొదటి రౌండు వాడికి తలుపులు తొందరగా తెరుచుకుంటాయి, అది ఒప్పుకుంటాను. వాడి మీద ఒక మేనేజర్ పరువు పెట్టుబడిగా ఉంటుంది. ఏడో రౌండు వాడి మీద ఎవరి పరువూ ఉండదు. అంతవరకే.

సాడిల్‌డోమ్_సుబ్బు:
ఈ ఒక్క మాట అనిపించడానికి మూడు పేజీలు పట్టింది. కానీ 2022-23లో రెండు పాయింట్లు మాత్రం నేను వదలను. మార్చిలో నాలుగు మ్యాచ్‌లిచ్చినా చాలు.

లెక్కల_మాస్టారు:
మార్చిలో నాలుగిస్తే నాలుగూ ఓడేవాడేమో. మీకూ తెలీదు, నాకూ తెలీదు.

నిఖార్సు_నాయుడు:
మూడు పేజీలు కాదు, రెండే. మూడోది ఇంకా మొదలవ్వలేదు.