ర్యామ్, ఎస్‌ఎస్‌డీ బిగించాలి: మన తేమలో కూడా రిస్ట్ స్ట్రాప్ కావాలా?

భీమవరం_డెస్క్‌టాప్:
నమస్కారమండి. డెస్క్‌టాప్‌లో వేసుకుందామని 8 జీబీ ర్యామ్ ఒకటి, ఎం.2 ఎస్‌ఎస్‌డీ ఒకటి తెచ్చాను. మాది పాత డాబా. ప్లగ్గుకి మూడో కన్నం ఉంది గానీ దాని వెనక ఎర్త్ వైరుందో లేదో తెలీదు. క్యాబినెట్ మీద చెయ్యి వేస్తే ఒక్కోసారి జివ్వుమంటుంది. స్టాటిక్ చార్జీ పోవడానికి మణికట్టుకి కట్టుకునే రిస్ట్ స్ట్రాప్ ఉంది కదా, దాని వైరు చివరి క్లిప్పు ఎక్కడ తగిలించాలి? ఏడాదంతా ఉక్కపోసే మన ఊళ్ళో అసలు స్టాటిక్ (రాపిడికి వస్తువుల మీద పేరుకునే చార్జీ) పుడుతుందా?

కోనసీమ_బోర్డు:
పుడుతుందండి. తేమకి చార్జీ త్వరగా జారిపోతుంది, అంతే. బల్ల మీది పాలిథిన్ సంచి ఎత్తితే, గాలిలో తేమ 10–20 శాతం ఉన్నప్పుడు 20,000 వోల్టులు, 65–90 శాతం ఉన్నా 1,200 వోల్టుల దాకా రావచ్చని ఈ రంగంలో ఎప్పటినుంచో వాడే పట్టికల్లో ఉంటుంది. మనకి చురుక్కుమని తెలియాలంటే దాదాపు 3,000 కావాలి. కొన్ని చిప్పుల్లో ట్రాన్సిస్టర్ గేటు కింద ఉండే పల్చటి ఆక్సైడ్ పొరకి వంద వోల్టులే ఎక్కువ. అంటే మన తేమలో జరిగే నష్టం చేతికి తెలియదు. పైగా పొర పూర్తిగా చిల్లు పడకుండా బలహీనపడితే, ఆ ర్యామ్ ఇవాళ పనిచేసి కొన్నాళ్ళకి ఉన్నట్టుండి హ్యాంగ్ అవడం మొదలెడుతుంది. ఏసీ గదిలో గాలి ఇంకా పొడిగా ఉంటుంది, అక్కడ మరీ జాగ్రత్త.

మీరు చెప్పిన జివ్వు మాత్రం స్టాటిక్ కాదు. ఎస్‌ఎంపీఎస్ (క్యాబినెట్‌లోని పవర్ సప్లై పెట్టె) ఫిల్టర్‌లో ఫేజ్ నుంచి, న్యూట్రల్ నుంచి బాడీకి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ లేకపోతే వాటి వల్ల క్యాబినెట్ 115 వోల్టుల దగ్గర తేలుతూ ఉంటుంది. కరెంటు కొద్దిదే, కానీ ప్లగ్గు ఉంచి లోపల చెయ్యి పెడితే ఆ వోల్టేజీ ర్యామ్ మీదకీ వస్తుంది.

పాలకొల్లు_సర్వీస్:
పని ఇలా చేయండి. ప్లగ్గు పూర్తిగా పీకేయండి. గోడ స్విచ్ ఆపితే చాలదు. పాత వైరింగులో ఫేజ్, న్యూట్రల్ తారుమారై ఉంటే స్విచ్ న్యూట్రల్‌నే ఆపుతుంది. మానిటర్ కేబుల్, లాన్ వైరు కూడా తీసేసి, పవర్ బటన్ 10 సెకన్లు నొక్కి పట్టండి.

స్ట్రాప్ క్లిప్పు గోడకి వద్దు, క్యాబినెట్‌కే. అదీ పెయింటు లేని చోట, ఎస్‌ఎంపీఎస్ స్క్రూ దగ్గర. పెయింటు మీద పెడితే పెట్టనట్టే. మీరూ, క్యాబినెట్టూ, విడిభాగమూ ఒకే వోల్టేజీలో ఉంటే చాలు. కాలవ లాకులో రెండు వైపులా నీరు ఒకే మట్టానికి వచ్చాకే తలుపు తీస్తారు కదా, అలాగ. అందుకే ఈ పనికి ఇంటి ఎర్త్ లేకపోయినా ఇబ్బంది లేదు.

పట్టీ లోపలి రేకు చర్మానికి ఆనాలి, చొక్కా చేతి మీద కాదు. మల్టీమీటరు ఒక కొస రేకుకి, ఇంకో కొస క్లిప్పుకి పెడితే దాదాపు 1 మెగా ఓమ్ చూపించాలి. పొరపాటున 230 వోల్టులు తగిలినా ఆ రెసిస్టర్ కరెంటుని 0.23 మిల్లీ ఆంప్‌కి ఆపుతుంది. సున్నా చూపిస్తే ఆ స్ట్రాప్ ప్రమాదం. వైరే లేని స్ట్రాప్ కొనకండి, చార్జీ పోవడానికి దానికి దారి లేదు.

ర్యామ్‌ని వెండి రంగు కవర్‌తోనే క్యాబినెట్‌కి ఆనించి, అప్పుడు బయటికి తీయండి. అంచులే పట్టుకోండి. గులాబీ కవర్ తనలో చార్జీ పుట్టనివ్వదు గానీ బయటి చార్జీని ఆపదు. థర్మాకోల్, బబుల్ కవర్లు బల్ల మీంచి తీసేయండి. స్ట్రాప్ లేకపోతే పెయింటు లేని లోహానికి ఎడమ ముంజేయి ఆనించి ఉంచి పనిచేయండి. నూలు బట్టలు మేలు.

తణుకు_వైరింగ్:
ఎర్త్ సంగతి వదిలేయకండి. డెల్టాలో నేల అడుగున ఎప్పుడూ చెమ్మే కాబట్టి బొగ్గు, ఉప్పు వేసిన గుంట బాగానే పనిచేస్తుంది. చెడేది జాయింటు: గుంటలోని జీఐ (జింకు పూత ఇనుప) పైపు దగ్గర బోల్టు తుప్పు పట్టి వైరు ఊడిపోతుంది. మల్టీమీటరు ఒక్కదాన్నే నమ్మకండి, తెగిన వైరు మీదా ఎంతో కొంత వోల్టేజీ చూపిస్తుంది. ఎలక్ట్రీషియన్‌తో ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య బల్బు పెట్టించండి. నిండుగా వెలిగినా, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్) పడిపోయినా ఎర్త్ ఉన్నట్టే. సాకెట్టులో న్యూట్రల్ నుంచి ఎర్త్‌కి ముక్క వైరు వేసి ఉంటే మాత్రం బల్బు మోసం చేస్తుంది, ముందు ప్లేటు విప్పి చూడమనండి. అలాంటి చోట న్యూట్రల్ తెగిన రోజు క్యాబినెట్ మొత్తానికి 230 వస్తుంది.

భీమవరం_డెస్క్‌టాప్:
చాలా థ్యాంక్సండి. ఒక్క మాట: పాత ర్యామ్ కాంటాక్టుల్ని పెన్సిల్ రబ్బరుతో రుద్దొచ్చా?

పాలకొల్లు_సర్వీస్:
వద్దండి. రాపిడికి చార్జీ పుడుతుంది, బంగారు పూత అరుగుతుంది, పొడి స్లాట్‌లో పడుతుంది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కొద్దిగా తడిపిన నూగులేని గుడ్డతో ఒకే వైపుకి తుడిచి, 5 నిమిషాలు ఆరనిచ్చి పెట్టండి. మన దగ్గర డిస్‌ప్లే రాని సిస్టమ్‌ల్లో చాలావాటికి కారణం కాంటాక్టుల మీది చెమ్మ పొరే. ఇది చేయకుండా ర్యామ్ పోయిందనుకోకండి. బిగించాక మెమ్‌టెస్ట్ (ర్యామ్‌ని పరీక్షించే ప్రోగ్రామ్) ఒక రాత్రంతా నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ముందు పాత ర్యామ్ తీసి కొత్తది ఒక్కటే పెట్టి మళ్ళీ చూడండి.