అప్‌డేట్: గ్నూప్లాట్ ప్యాకేజీలో తెలుగు ఒత్తుల సమస్య తీరింది

గుంటూరులో మా కళాశాల ల్యాబు కోసం గ్రాఫులు గీసే గ్నూప్లాట్ ప్రోగ్రామును డెబియన్ లినక్స్‌లో వేసుకునే ప్యాకేజీగా తయారుచేస్తే, గ్రాఫు మీద ‘ఉష్ణోగ్రత’ అన్న మాట ఒత్తులు విడిపోయి వస్తోందని పోయిన నెల ఇక్కడ అడిగాను. నా ల్యాప్‌టాప్‌లో తయారుచేసిన ప్యాకేజీతో మాత్రం బాగానే వచ్చేది.

ఎస్‌బిల్డ్ అనే ప్యాకేజీ తయారీ సాధనంతో, ముందే వేసినవేమీ లేని శుభ్రమైన వాతావరణంలో తయారుచేసి చూడమన్న సలహాతోనే గుట్టు బయటపడింది. ఆ సలహా ఇచ్చినవారికి ధన్యవాదాలు. ప్యాకేజీ వివరాలుండే కంట్రోల్ ఫైలులో, తయారీకి కావలసినవి చెప్పే ‘బిల్డ్ డిపెండ్స్’ వరుసలో, బొమ్మలకూ అక్షరాలకూ వాడే కైరో, పాంగో లైబ్రరీల డెవలప్‌మెంట్ ప్యాకేజీలు రాయడం మరిచాను. నా ల్యాప్‌టాప్‌లో అవి ఎప్పటివో ఉన్నాయి. అవి లేకపోయినా, తయారీకి ముందు ఏమేం ఉన్నాయో చూసే ‘కాన్ఫిగర్’ ఆగిపోదు. వాటితో పీఎన్‌జీ బొమ్మలు తయారుచేసే భాగాన్ని, అంటే పీఎన్‌జీకైరో టెర్మినల్‌ను, వదిలేసి ముందుకు వెళ్తుంది. చివరి పట్టికలో ‘నో’ అని చెబుతుంది గాని, అంత దూరం చదివే ఓపిక ఎవరికి? ఆ టెర్మినల్ లేదనగానే గ్రాఫు గీసే స్క్రిప్టును పాత పీఎన్‌జీ టెర్మినల్‌కి మార్చిన ఘనుడినీ నేనే. తెలుగు అక్షరాలను కూర్చే పని పాంగోది. మా పాత పీఎన్‌జీలో అది లేదు.

ఫాంట్లు మళ్లీ వేయడం, లొకేల్ (భాష సెట్టింగు) మార్చడం దేనికీ పనికిరాలేదు. ప్యాకేజీ వేశాక గ్నూప్లాట్‌లో ‘సెట్ టెర్మినల్’ అని కొట్టి, జాబితాలో పీఎన్‌జీకైరో ఉందో లేదో ముందు చూసుకోండి.